లాంచీల ఆసామి కథలో కొండ

కెప్టెన్ గారింట్లో కుదురుగా లేని వస్తువంటూ ఉండదు. బల్లల అంచులకు బొటనవేలంత ఎత్తున చెక్కపట్టీ, కప్పులకు కొక్కేలు, పుస్తకాలు దొర్లిపోకుండా అరలకు అడ్డంగా తాడు. మేడమీద ఇల్లు, కింద సైకిళ్ళ రిపేరు షాపు. భూమి కంపించినా ఆ ఇంట్లో చెంచా కిందపడదని వీధిలో అందరూ నవ్వుకునేవారు.

"ఇల్లు ఊగదండీ, మీరే ఊగుతున్నారు" అని పెళ్ళయిన కొత్తలో భార్య అనేది. కొన్నేళ్ళకు ఆ జబ్బు ఆవిడకూ అంటుకుంది. చుట్టాలింట్లో బల్ల చివర గ్లాసు కనిపిస్తే చాలు, మాట మధ్యలో లేచి వెళ్ళి దాన్ని లోపలికి జరిపి వచ్చేది.

నిజానికి ఆయన నౌకాదళంలో కెప్టెన్ హోదా దాకా పోనేలేదు. రెండు మెట్లు కిందే ఆగిపోయాడు. మిగతా రెండు మెట్లూ సైకిల్ షాపు మేస్త్రీ ఎక్కించాడు. "లెఫ్టినెంట్ కమాండర్ గారూ అని పిలిచేలోపు మీరు సందు దాటిపోతున్నారండీ. కెప్టెనయితే నోటికి సుఖం" అన్నాడు. ఆ ప్రమోషనే ఖాయమైంది.

ఓడకు దారి చూపడం ఆయన ఉద్యోగం. పటాలు, చుక్కలు, ఆటుపోట్లు. డ్యూటీ దిగేముందు ఆ పూట జరిగింది లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. గాలి ఎటునుంచి వీచింది, సముద్రం ఎలా ఉంది, ఏం కనిపించింది, ఏం వినిపించింది. భయమేసిందనీ, అందంగా ఉందనీ రాయడానికి అందులో చోటు లేదు.

భయమేసిన రోజు ఒకటుంది. తెల్లవారుజామున రేవుకు తిరిగొస్తుంటే మంచు దిగింది. చాచిన చెయ్యి కనిపించడం లేదు. అదే సమయానికి రాడార్ చచ్చిపోయింది. రేవు ముఖద్వారం పక్కన నిటారుగా ఒక రాతికొండ ఉంది. పోటు ఓడను దానివైపే లాగుతోంది. దారి చూపాల్సినవాడికే దారి లేదు. అప్పుడాయన ఇంజన్లు ఆపించమని పై అధికారిని అడిగాడు. ఓడ కూత వేయించి చెవి ఒగ్గాడు. కూత వెళ్ళి కొండకు కొట్టుకుని తిరిగొచ్చింది. అది ఎంతసేపటికి వస్తే కొండ అంత దూరం. మళ్ళీ కాస్త నడపడం, మళ్ళీ ఆపడం, మళ్ళీ కూత, మళ్ళీ చెవి. ఓడలో ఒక్కడూ మాట్లాడలేదు. వంటవాడు గిన్నె మూత మోగకుండా రెండు చేతులతో అదిమిపట్టి నిలబడ్డాడు. అలా కొండను వింటూ, కొండను తప్పించుకుంటూ, ఓడ రేవులోకి వచ్చింది. ఆ పూట లాగ్ పుస్తకంలో ఆయన రాసింది రెండే ముక్కలు: దట్టమైన మంచు. ఆలస్యంగా రేవు చేరాం.

తర్వాత కొన్నేళ్ళకు చూపు మందగించింది. ఓడ నడిపించే పనికి పనికిరావన్నారు, ఒడ్డున గోదాములు చూసుకోమన్నారు. ఆయన ఉద్యోగానికే దణ్ణం పెట్టి, కళ్ళద్దాల షాపుకు వెళ్ళాడు. అద్దాలు బిగించే అమ్మాయి కొత్త జోడు ఆయన ముక్కుమీద పెట్టి "ఇప్పుడు బాగా కనిపిస్తోందా?" అని అడిగింది. ఆ అద్దాల్లోంచి మొట్టమొదట స్పష్టంగా కనిపించింది ఆ అమ్మాయి మొహమే.

"ఇంకాసేపు చూసి చెబుతాను" అన్నాడు.

ఆ అమ్మాయే తర్వాత భార్య అయింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆవిడ షాపుకు వెళ్ళేది, ఆయన ఇంట్లో కూర్చుని నవల రాసేవాడు. రాయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు, లాగ్ పుస్తకం తప్ప. మొదటి నవల కూడా అలాగే వచ్చింది. "ఉదయం. తేలికపాటి గాలి. ఆమె వచ్చింది. ఏడ్చింది. మధ్యాహ్నానికి తగ్గింది."

భార్య అక్కడ ఆగి, "తగ్గింది గాలా, ఏడుపా?" అని అడిగింది.

అచ్చయినా అమ్ముడుపోని కట్టల్ని ఆయన వరండాలో పేర్చి పైన దుప్పటి పరిచాడు. వచ్చినవాళ్ళను దానిమీద కూర్చోబెట్టి, "నా పుస్తకాన్ని ఇంతమంది ఆదరిస్తున్నారు" అనేవాడు. నవ్వేవాడే గాని, తన పేరు మీద జనం చదివే నవల ఒకటి రావాలన్న కోరిక మాత్రం ఆ నవ్వు అడుగున కదలకుండా ఉండిపోయింది.

ఆ పుస్తకం అచ్చువేసిన ప్రెస్సు యజమానే జాలిపడి ఒక పని చూపించాడు. రిటైరైన సర్జన్ ఒకాయన తన జీవితకథ రాయించుకోవాలనుకుంటున్నాడు. కడుపు కోసి కుట్టగలడు గాని రెండు వాక్యాలు కలిపి కుట్టలేడు. పుస్తకం మీద సర్జన్ పేరే ఉంటుంది. రాసింది ఎవరో బయటికి పొక్కకూడదు. కెప్టెన్ మాటిచ్చాడు. ఆయన మాటంటే లంగరు వేసినట్టే.

తీరా వెళితే సర్జన్ నోరు విప్పడే! ఏమడిగినా "ఆఁ, ఏముందండీ, అలా గడిచిపోయింది" అంటాడు. మూడోపూట కెప్టెన్ విసిగి, మాట మార్చడానికి, తను నౌకలో చేరిన కొత్తలో కళ్ళు తిరిగి పై అధికారి బూట్లమీద వాంతి చేసుకున్న సంగతి చెప్పాడు. సర్జన్ పడీ పడీ నవ్వి, తను మొదటి ఆపరేషన్లో స్పృహతప్పి రోగి పక్కనే పడిపోయిన కథ ఎత్తుకున్నాడు. ఇక ఆగలేదు. ఎండిన చేతిపంపులో చెంబెడు నీళ్ళు పోసి కొడితే బిందెలకొద్దీ నీళ్ళు వస్తాయే, అలాగన్నమాట. కెప్టెన్‌కు కిటుకు దొరికింది. ముందు తన కథ ఒకటి పోయాలి, తర్వాత ఎదుటివాళ్ళది తోడుకోవాలి.

అలా బేకరీ ఆవిడవి, ఇంద్రజాలికుడివి, ఫుట్‌బాల్ రిఫరీవి, ఎన్నో జీవితాలు రాశాడు. సర్జన్ వాక్యం టక్కున తెగుతుంది. బేకరీ ఆవిడ వాక్యం పిండిలా సాగుతుంది. ఇంద్రజాలికుడు అసలు సంగతి ఎప్పుడూ రెండో చేతిలో ఉంచుకుంటాడు. గాలి, సముద్రం తప్ప ఎరగని కలానికి మనుషుల గొంతులు పట్టుబడ్డాయి. ఏ పుస్తకం మీదా ఆయన పేరు లేదు, అందరికీ అదే మాట ఇచ్చాడు. "పురుడు పోసేవాళ్ళు బిడ్డకు తమ పేరు పెట్టుకోరుగా" అనేవాడు భార్యతో.

ఆ వరసలో వచ్చాడు లాంచీల ఆసామి. వెడల్పాటి నదీముఖం మీద ఆయన లాంచీలే తిరుగుతాయి. తాళ్ళు లాగే కూలీగా మొదలై మొత్తం రేవుకే యజమాని అయిన మనిషి. గొంతు మైకుకే మైకు. కానీ తన గురించి అడిగేసరికి ఆయనా బిగుసుకుపోయాడు. కెప్టెన్ అలవాటు ప్రకారం పంపులో నీళ్ళు పోశాడు. ఈసారి పోసింది చెంబెడు కాదు, మంచు కథ మొత్తం.

ఆసామి నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాడు మళ్ళీ చెప్పించుకున్నాడు. వారం తిరిగేసరికి భోజనాల బల్ల దగ్గర అతిథులతో, "ఒకసారి మంచులో మా లాంచీ..." అని మొదలుపెట్టాడు. కెప్టెన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కెప్టెనూ, ఇది పుస్తకంలో పడాల్సిందేనయ్యా!" అన్నాడు ఆసామి, అతిథులు వెళ్ళాక.

"అది..."

"నువ్వేమైనా నవలలో వాడుకుంటావా?"

వరండాలో కట్టల మీద కూర్చునే చుట్టాలు కెప్టెన్ కళ్ళముందు మెదిలారు. "లేదులెండి" అన్నాడు.

రాయడం మొదలుపెట్టాక పనితనం చూపించకుండా ఉండలేకపోయాడు. ఓడను లాంచీ చేశాడు. నావికుల్ని ప్రయాణికుల్ని చేశాడు. వంటవాడి గిన్నె మూతను ఒక తల్లి అదిమిపట్టుకున్న గిలక్కాయగా మార్చాడు. ఆ పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది, అదీ మంచు అధ్యాయం వల్లే. మంగలి షాపులో ఒకరోజు కెప్టెన్ బుగ్గలనిండా సబ్బు నురగతో కూర్చుని ఉండగా, మంగలి ఆయనకే ఆ కథ మొత్తం చెప్పాడు, కత్తి గాల్లో ఊపుతూ.

"మీరూ ఓడలో పనిచేశారుగా? ఇలాంటిదేమైనా జరిగిందా మీకు?"

కత్తి మెడమీద ఉంది. "లేదయ్యా" అన్నాడు కెప్టెన్.

"అందుకేనండీ మీ పుస్తకం ఆడలేదు."

ఏళ్ళు గడిచాయి. పరాయి జీవితాలు రాసీ రాసీ చెయ్యి తిరిగాక, ఆయన మళ్ళీ తన నవల మొదలుపెట్టాడు. చూపు పోతున్న ఒక నావికుడి కథ. కళ్ళు చేయలేని పని చెవులు చేసిన రోజు దానికి గుండెకాయ. అది లేకుండా రాయాలని చూశాడు, కుదరలేదు. ఓడను ఓడగా, మూతను మూతగా, భయాన్ని భయంగా, జరిగింది జరిగినట్టు రాశాడు. భార్య చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఈసారి గాలా, ఏడుపా అని అడగలేదు.

పెద్ద ప్రచురణ సంస్థ నుంచి పిలుపొచ్చింది. సంపాదకురాలు చిన్న వయసు మనిషి, మర్యాదస్తురాలు. ఆయన రాతప్రతి పక్కన లాంచీల ఆసామి పుస్తకం తెరిచి పెట్టింది.

"నవల చాలా బాగుంది సార్. కానీ ఈ అధ్యాయం ఇందులోది. మీరు ఈ పుస్తకం చదివారా?"

"చదివానమ్మా."

"అయితే తెలిసే తీసుకున్నారా?"

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది కెప్టెన్ పని. నిజం చెబితే మాట తప్పినవాడు, చెప్పకపోతే దొంగ.

"ఆయన బతికే ఉన్నాడు కదా సార్. ఇది ఆయన జీవితం."

"ఆ అధ్యాయం తీసేస్తే?"

"నడుం విరిగినట్టు ఉంటుంది. పైగా ఒకటి తీసుకున్నవాళ్ళు మిగతావి ఎక్కణ్ణుంచి తెచ్చారో అని మాకు అనుమానం రాదా? ఏదో ఒకటి తేలేదాకా వేయలేం, ఏమనుకోకండి."

ఇంటికొచ్చి చెబితే భార్య భగ్గుమంది. "నేను చెబుతా ఆ అమ్మాయికి. మాటిచ్చింది మీరు, నేను కాదు."

"నువ్వు చెబితే నేను చెప్పినట్టే."

"అయితే దొంగ అనిపించుకోండి. సొంతింటికే కన్నం వేసుకున్న దొంగ!" అని లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. "మాట ఎవరికిచ్చారో వాళ్ళనే అడగండి, విడిచిపెట్టమని. అందులో తప్పేముంది?"

ఆయన బయల్దేరాడు.

లాంచీల రేవు మారలేదు. గట్టుకు వేలాడే పాత టైర్లు, డీజిల్ వాసన, టిక్కెట్ల కిటికీ ముందు తోపులాట. ఆసామికి మోకాళ్ళు పోయాయి. మేడమీద గాజు గదిలో కూర్చుని, దుర్భిణితో చూస్తూ, మైకులో లాంచీల వాళ్ళను తిడుతున్నాడు. ఆయన కూతురు అప్పుడే లాంచీ దిగి, చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ టీ కోసం పైకొచ్చింది. రేవులోకెల్లా పెద్ద లాంచీ నడిపేది ఆవిడే.

"వచ్చావా కెప్టెనూ! సరైన టైముకొచ్చావు. ఈ పిల్లకి మంచు కథ మళ్ళీ చెబుతున్నా, నువ్వూ విను" అన్నాడు ఆసామి.

"వెయ్యోసారి" అంది కూతురు.

ఆసామి చెప్పాడు. కెప్టెన్ ఎప్పటిలాగే తల ఊపుతూ విన్నాడు. కూత తిరిగొచ్చిన చోట ఆసామి కళ్ళు తడిశాయి. అది నటన కాదు. ఆ మంచులో ఆ మనిషి నిజంగానే నిలబడి ఉన్నాడు. కెప్టెన్‌కు అడగడానికి మనసొప్పలేదు. ఈ వయసులో ఈయన దగ్గర్నుంచి ఏం లాక్కుంటాం అనుకున్నాడు. టీ తాగి, కప్పు బల్ల మధ్యకు జరిపి లేచాడు.

"వచ్చిన పని చెప్పకుండానే వెళుతున్నారేంటి బాబాయ్ గారూ?" అంది కూతురు.

"చూసిపోదామని వచ్చానమ్మా, అంతే."

"అయితే ఇంకొక్క నిమిషం ఉండండి. ఈ ముక్క ఎన్నాళ్ళుగానో అడగాలనుంది." ఆవిడ కిటికీ తెరిచి కిందికి కేకేసింది. "ఒరేయ్, హారన్ కొట్టు! గట్టిగా!"

లాంచీ హారన్ బొయ్యిమని మోగింది. ముగ్గురూ చెవి ఒగ్గారు. ఆ మోత నీళ్ళమీదుగా వెళ్ళింది. అవతలి ఒడ్డు చదును, ఇవతలి ఒడ్డు చదును. బురద, గడ్డి, మళ్ళీ బురద. కూర్చున్న కొంగ కూడా మైలు దూరం నుంచి కనిపించే నేల. వెళ్ళిన మోత వెళ్ళినట్టే పోయింది. ఏదీ తిరిగి రాలేదు.

"మన నీళ్ళమీద కొండెక్కడుంది నాన్నా?" అంది కూతురు మెల్లగా. "నీ పుస్తకం చదివిన రోజే నాకనిపించింది. నాకే కాదు, రేవులో అందరికీ తెలుసు. యజమాని కొండ ఉందంటే లేదనేదెవరు?"

ఆసామి దుర్భిణి తీసుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. ఓడ మార్చి, మనుషుల్ని మార్చి, గిన్నె మూతను కూడా మార్చిన కెప్టెన్ కొండను మాత్రం అక్కడే వదిలేశాడు. కూత అనగానే తిరుగు కూత దానంతటదే కెప్టెన్ చెవిలో మోగేది. దాని వెనక ఉన్న కొండ ఆయన లెక్కలోకే రాలేదు.

"మరి ఆ కొండ ఎక్కడిదయ్యా?" అన్నాడు ఆసామి చివరికి.

"నాదేనండీ" అన్నాడు కెప్టెన్. "మార్చడం మర్చిపోయాను."

ముందు ఆసామి పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. "ఓరి నీ దుంపతెగ! ఇన్నేళ్ళూ నీ కొండ నెత్తిన పెట్టుకు తిరిగానన్నమాట!" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

కెప్టెన్ అప్పుడు వచ్చిన పని చెప్పాడు. సంపాదకురాలు అన్న మాటా చెప్పాడు.

"దొంగన్నారా నిన్ను? మరి చెప్పలేకపోయావా?"

"మాటిచ్చాను కదండీ."

ఆసామి నవ్వు ఆగిపోయింది. కూతురు అందుకుంది. "నీకు సొంత మంచు కథ ఉందిగా నాన్నా. బురదలో ఇరుక్కున్నది."

"ఛ, ఊరుకో."

"ఏం బురద?" అన్నాడు కెప్టెన్, చెవులు నిక్కించి.

కూతురే చెప్పింది. మంచులో ఆసామి అవతలి రేవు వచ్చిందనుకుని తాడు విసిరి, "దిగండి, దిగండి" అన్నాడట. అందరూ మోకాలిలోతు బురదలోకి దిగి, చెప్పులు నెత్తిన పెట్టుకుని నడిచి నడిచి, చివరికి ఎక్కిన రేవుకే చేరారట.

కెప్టెన్ కుర్చీలో కూలబడి నవ్వాడు. "ఇంత మంచి కథ పెట్టుకుని నాకెందుకు చెప్పలేదండీ?"

"ఎలా చెప్పమంటావు? నువ్వేమో ఓడ, కొండ, కూత అంటున్నావు. దాని ముందు నేను బురద గురించి చెప్పనా? సిగ్గేసింది."

కెప్టెన్ నవ్వు సగంలో ఆగింది. పంపులో మరీ ఎక్కువ పోస్తే, ఉన్న నీళ్ళు అడుగుకే పోతాయని ఆయనకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"నంబరు చెప్పు, ఆ అమ్మాయిది" అన్నాడు ఆసామి. ఫోన్ చెవిన పెట్టుకుని, పెద్దగా మాట్లాడాలంటే మైకు దగ్గరికి వంగే అలవాటు కొద్దీ వంగాడు. దాని మీట నొక్కే ఉంది. ఆయన మాటలు రేవంతా మోగాయి.

"అమ్మాయ్! నా పుస్తకం రాసింది కెప్టెనే! నేను వాగాను, ఆయన విన్నాడు! మంచు ఆయనది, కొండ ఆయనది! నాది బురద! ఆఁ, బురద! ఆయన్ని దొంగన్నావంటే మా లాంచీ ఎక్కనివ్వను!"

టిక్కెట్ల వరసలో జనం తలలెత్తారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఏ లాంచీవాడో హారన్ మోగించాడు, అది విని మిగతా లాంచీలన్నీ అందుకున్నాయి. కొండ లేకపోయినా ఆ పూట మోత చాలాసేపు మోగింది.

సంపాదకురాలు మర్నాడే కెప్టెన్ ఇంటికి వచ్చి, క్షమించమని అడిగి, వరండాలో కట్టల మీద కూర్చుంది. "ఇది కూడా మీ పుస్తకమే కదా సార్, ఒకటి తీసుకెళ్ళనా?" అని లాగితే ఒక కాలు కుంగినట్టు ఆసనమంతా పక్కకు ఒరిగింది. ఆ ఇంట్లో కుదురు తప్పిన మొదటి వస్తువు అదే.

నవల వచ్చింది. అట్టమీద ఆయన పేరు, పూర్తిపేరు. మొదటి కూర్పు కళ్ళముందే అయిపోయింది. రెండోది అచ్చులో ఉండగానే గ్రంథాలయం హాల్లో సభ పెట్టారు. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ఆయన మంచు అధ్యాయం చదివాడు. వంటవాడు మూత అదిమిపట్టిన చోట హాల్లో ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. ముందు వరసలో లాంచీల ఆసామి, పక్కవాడి మోచెయ్యి పొడిచి, "ఈ కథ ఆయనకిచ్చింది నేనే, తెలుసా?" అన్నాడు. ఒళ్ళో తన పుస్తకం కొత్త కూర్పు ఉంది, కొండ తీసేసి బురద చేర్చినది. జనం అదీ ఎగబడి కొంటున్నారు.

సంతకాల దగ్గర మంగలి తోసుకుంటూ వచ్చాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమేనండీ. ఆ రోజు మీరు లేదన్నప్పుడు గొంతులో ముడి కదిలింది. కత్తి పట్టుకున్నవాడికి తెలియదా?"

అందరూ అయ్యాక భార్య వరసలో చివర నిలబడి, తన ప్రతి ఆయన ముందు పెట్టింది. లాగ్ పుస్తకంలో పెట్టినట్టు పొడి అక్షరాలు కాకుండా, ఆయన తన పూర్తిపేరు నిదానంగా రాసి, తలెత్తాడు. ఆవిడ వంగి ఆయన కళ్ళద్దాలు తీసింది, చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు బాగా కనిపిస్తోందా?"

"ఆఁ" అన్నాడు కెప్టెన్. "బాగా కనిపిస్తోంది."